మెదక్ శివారులో ఇల్లు: నేల గతాన్ని చదవడం

తన పేరుతో పిలిచే జిల్లాకే దశాబ్దాల పాటు కేంద్రం కాలేకపోయిన పట్టణం మెదక్. జిల్లా కార్యాలయాలు సంగారెడ్డిలో నడుస్తుండగా రెవెన్యూ డివిజను హోదాతో సరిపెట్టుకున్న ఈ ఊరు, 2016 అక్టోబరు 11న పాత జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేటగా విడిపోయినప్పుడు గాని జిల్లా కేంద్రం కాలేదు. ఆ తర్వాత మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దుబాటు చేస్తూ 2021 డిసెంబరులో వెలువడిన 317 నంబరు ఉత్తర్వుతో ఎన్నో ఉపాధ్యాయ, ఉద్యోగ కుటుంబాలు తమకు పరిచయం లేని జిల్లాలకు చేరవలసి వచ్చింది. అక్కన్నపేట నుంచి మెదక్ దాకా వేసిన 17 కిలోమీటర్ల రైలుమార్గం మీద 2022 సెప్టెంబరులో ప్రయాణికుల బండి నడక మొదలుపెట్టింది. 2023 ఆగస్టులో కొత్త సమీకృత కలెక్టరేటు ప్రారంభమైంది. 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2011 జనగణన నాటికి 44 వేల పైచిలుకు జనాభా ఉన్న పట్టణానికి ఇంత తక్కువ కాలంలో ఇన్ని రావడం చిన్న విషయం కాదు. వీటి వెంట వచ్చిన ఉద్యోగులు, పిల్లల చదువు కోసం పల్లెల నుంచి దిగుతున్న రైతు కుటుంబాలు, గల్ఫ్‌లో సంపాదించి తిరిగి వచ్చినవారు కలిసి పట్టణపు అంచుల్లో ఇంటికో జాగాకో బేరమాడే కొత్త కొనుగోలుదారుల వర్గంగా తయారయ్యారు.

వీరిలో ఎక్కువమంది చూపు పాత ఊరి మీద ఉండదు. కాకతీయుల కాలం నాటిదిగా చెప్పే కోట ఉన్న గుట్ట కింద, చర్చి చుట్టూ, బజారు వీధుల వెంట అల్లుకున్న పాత మెదక్‌లో అమ్మకానికి వచ్చే ఇళ్లు తక్కువ, వచ్చినా వాటాలు తెగనివి ఎక్కువ, కారు తిరిగే వెడల్పు ఉన్న గల్లీలు ఇంకా తక్కువ. అందుచేత కొత్తవారికి మిగిలేది శివారు, అంటే నిన్నటిదాకా పొలంగానో బీడుగానో ఉండి నేడు సిమెంటు రోడ్డు, కరెంటు స్తంభాలు, ఒక కమాను, ఒక పేరు తగిలించుకుని కాలనీ అయిన నేల. నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ వెళ్లే రోడ్డు, రామాయంపేట రోడ్డు, సిద్దిపేట రోడ్డు, ఎల్లారెడ్డి రోడ్డు: ఏ దిక్కుకు పోయినా ఇలాంటి కాలనీలే ఎదురవుతాయి, ప్రతి దిక్కుకూ దాని వత్తాసుదారులు ఉంటారు. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు మధ్యవర్తులు ఇచ్చే జవాబు సాధారణంగా దూరం మీదే నడుస్తుంది. కలెక్టరేటుకు ఇంత, స్టేషనుకు ఇంత, బస్టాండుకు ఇంత అని.

దూరానికి అంత విలువ ఇవ్వడం వెనుక ఒక శాస్త్రీయమైన ఆలోచన లేకపోలేదు. నగర కేంద్రం నుంచి దూరం పెరిగే కొద్దీ రాకపోకల ఖర్చు పెరుగుతుంది గనుక నేల ధర తగ్గుతుందని, ప్రతి కుటుంబమూ ఈ రెండింటినీ తూచుకుని తనకు తగిన చోటు నిర్ణయించుకుంటుందని విలియం అలాన్సో అనే పండితుడు 1964లో వెలువరించిన గ్రంథంలో సూత్రీకరించాడు. హైదరాబాద్ వంటి మహానగరంలో, రోజుకు రెండు మూడు గంటలు బస్సులోనో మెట్రోలోనో గడిచిపోయే చోట, ఈ సూత్రం చాలామేరకు పనిచేస్తుంది. ఒక చివర నుంచి మరో చివరకు మోటారు సైకిలు మీద పావుగంటలో చేరిపోగల మెదక్‌లో మాత్రం దూరపు లెక్క త్వరగానే అర్థం కోల్పోతుంది. ఇక్కడ రెండు కాలనీల ధరల మధ్య ఉండే తేడా ప్రయాణపు ఖర్చులో ఉన్న తేడా కాదు. పెద్ద రోడ్డు ముఖం, రాబోయే కార్యాలయాల గురించిన ఊహలు, ఒకే రియల్ ఎస్టేట్ వ్యాపారి చేతిలో ఉన్న నేల విస్తీర్ణం వంటివి ఆ ధరను నిర్ణయిస్తున్నాయి. కార్యాలయం రేపు మరో చోటికి మారవచ్చు, బండ్ల సంఖ్య పెరగవచ్చు, మట్టి రోడ్డు సిమెంటు రోడ్డు కావచ్చు. కొన్నవాడు ఎన్నేళ్లున్నా మార్చలేనివి రెండే: ఆ నేల ఎత్తు, ఆ నేల పుట్టుక. చిన్న పట్టణంలో శివారును ఎంచుకోవడమంటే ప్రధానంగా ఈ రెండింటినీ చదవడమే, ఆ రెండూ తెలంగాణలో చాలాసార్లు ఒకే కాగితంలో దొరుకుతాయి.

ఎత్తు గురించి మాట్లాడాలంటే చెరువు గురించి మాట్లాడాలి. ఈ ప్రాంతపు చెరువులు విడివిడి గుంటలు కావు. ఎగువ చెరువు నిండి పొర్లిన నీరు కాలువ పట్టి దిగువ చెరువులో పడేలా, అది నిండితే మరో దిగువ చెరువుకు చేరేలా, ఆఖరికి వాగులో కలిసేలా శతాబ్దాల కిందట కట్టిన వరుసలు. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. ప్రతి చెరువు అమరికలో ఐదు భాగాలుంటాయి. నీటిని ఆపే మట్టి గోడ కట్ట. పొలాలకు నీరు వదిలే ద్వారం తూము. నిండిన తర్వాత అదనపు నీరు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన ఉంచే చోటు మత్తడి, దీన్నే కొన్ని జిల్లాల్లో అలుగు అంటారు. నీరు నిలిచే లోపలి నేల శిఖం. కట్ట కింద తూము నీటితో పారే పొలమంతా ఆయకట్టు. ఒక జాగా ఈ అమరికలో ఎక్కడ పడుతుందో తెలిస్తే దాని భవిష్యత్తులో సగం తెలిసినట్టే. శిఖంలో కట్టిన ఇల్లు చెరువు నిండిన ఏడాది నీళ్లలో ఉంటుంది. మత్తడి కాలువకు అడ్డంగా లేచిన కాలనీ, పదేళ్లు నిక్షేపంగా ఉండి పదకొండో ఏట ఒక్క రాత్రిలో మునుగుతుంది. ఆయకట్టు నేల మునగకపోవచ్చు గాని, తరాల తరబడి నీటిలో నానిన మెత్తని నేల గనుక పునాది లోతుగా తీయవలసి వస్తుంది, గోడల అడుగున చెమ్మ వదలదు.

మెదక్ పట్టణంలోనే పిట్లం చెరువు, గోసముద్రం వంటి చెరువులున్నాయి. దగ్గరలోని పసుపులేరు వాగు నీటిని మంజీర నదికి చేరుస్తుంది. మంజీర మీద 1905 నాటి ఘనపురం ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు చీలి ఇరవై వేల ఎకరాలకు పైగా తడుపుతున్నాయి. అంటే కొత్తగా వచ్చినవాడు ఎండాకాలంలో చూసినప్పుడు పొడిగా, చదునుగా, గడ్డి మొలిచి కనిపించే నేలలో చాలాభాగం ఏదో ఒక నీటి ఏర్పాటుకు చెందినదే. ఆ ఏర్పాటు ఇంకా చావలేదని 2025 ఆగస్టు ఆఖరి వారం చూపించింది. హవేలీ ఘనపూర్, రామాయంపేట ప్రాంతాల్లో కురిసిన అసాధారణ వర్షానికి చెరువులు పొర్లి, రోడ్లు తెగి, పల్లెలు నీటిలో చిక్కుకున్నాయి. 1922 నాటి పోచారం ప్రాజెక్టు ఆనకట్ట మీదుగా దూకిన వరద జిల్లా యంత్రాంగాన్ని హడలెత్తించింది. అంతటి వరద ఎప్పుడో గాని రాదన్న మాట నిజమే. ఇల్లు మాత్రం ఒక ఏడాది కోసం కట్టుకునేది కాదు, బ్యాంకు అప్పే ఇరవై ఏళ్లు నడుస్తుంది. మంజీరకు నీరు వచ్చిన ప్రతిసారీ ఏడుపాయల వనదుర్గ ఆలయం ముందు పాయ ఎలా పొంగుతుందో ఇక్కడివారందరికీ తెలుసు, ఆ నది ఎంత నీటిని మోయగలదో కొత్తవారు ఊహించడం కష్టం.

చట్టం ఈ విషయాన్ని ఎంతో కొంత గుర్తించింది. 2012 ఏప్రిల్‌లో వెలువడిన 168 నంబరు ఉత్తర్వులోని భవన నిర్మాణ నియమాల ప్రకారం చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గీత లోపల, అధికారులు ఎఫ్‌టీఎల్ అని పొట్టిగా పిలిచే హద్దు లోపల, ఏ నిర్మాణమూ కూడదు. ఆ గీత దాటిన తర్వాత కూడా కొంత మేర ఖాళీగా ఉంచాలి. దీన్ని బఫర్ అంటారు. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకు మించిన చెరువుకు ఇది 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు, నాలాకు అంచు నుంచి 9 మీటర్లు, సన్నని నాలాకు 2 మీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల చెరువుల ఆక్రమణలను తొలగించడానికి 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా సంస్థ కూల్చివేతలను టీవీలో చూసిన మెదక్ వాసులు అది తమ ఊరికి సంబంధం లేని గొడవ అనుకోవచ్చు. ఆ సంస్థ అధికారం ఇక్కడిదాకా రాదు గాని, గీతను కొలిచే నియమం రెండు చోట్లా ఒకటే. పైగా ఎఫ్‌టీఎల్, బఫర్, ప్రభుత్వ భూమి కిందికి వచ్చే ప్లాట్లకు లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం కూడా వర్తించదు. అందుచేత చెరువు కట్ట కనుచూపు మేరలో ఉన్న ప్రతి జాగాకూ నీటిపారుదల శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం అడిగి చూడటం చాదస్తం అనిపించుకోదు.

నేల పుట్టుకను చదవడానికి ఇంకా పాత మార్గం ఒకటుంది. నిజాం కాలపు రెవెన్యూ పద్ధతిలో సాగు భూమి సర్వే నంబర్లను ప్రధానంగా తరి, ఖుష్కి అని విడదీశారు. తరి అంటే నీటి పారకం ఉన్న మాగాణి, ఖుష్కి అంటే వాన మీద ఆధారపడే మెట్ట, తెలంగాణ రైతు నోట చెల్క. భూమి ఎవరి పేరున ఉంది, ఎంత విస్తీర్ణం, ఏ రకం, ఏ పంట అన్నవి ఏటా రాసిపెట్టిన రిజిస్టరును పహాణీ అంటారు. వీటిలో 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూ వివాదాల్లో న్యాయస్థానాలు సైతం తరచుగా చూస్తాయి. ఈ పాత పహాణీల నకళ్లను తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. కాలనీ పేరు ఎంత ముచ్చటగా ఉన్నా, దాని కింద ఉన్న సర్వే నంబరు పాత పహాణీలో తరిగా ఉంటే అక్కడ నీరు పారేదని, శిఖంగా ఉంటే నీరు నిలిచేదని, సర్కారీగా ఉంటే అసలు అమ్మడానికే వీల్లేదని తేలిపోతుంది. ఊరి నక్షా, అంటే సర్వే నంబర్ల హద్దులతో గీసిన గ్రామపటం, దీనికి తోడు ఉంటే చెరువు ఎక్కడ, వాగు ఎక్కడ, బండ్ల బాట ఎక్కడ అన్నది వేలు పెట్టి చూపించవచ్చు. వెంచర్ వేసినవారు పంచే రంగుల బ్రోషరులో కనిపించని నాలా, ఈ నల్లని గీతల కాగితంలో తప్పించుకోలేదు. శివారు కొనుగోలులో ఇంత చవకగా ఇంత సమాచారం ఇచ్చే వస్తువు మరొకటి లేదు; అయినా కొనేవారు పడక గదులు ఎన్నని అడిగినన్ని సార్లు తరియా ఖుష్కియా అని అడగరు.

కాగితం చెప్పినదాన్ని కంటితో సరిచూసుకోవడానికి తగిన కాలం వానాకాలమే, అందులోనూ పెద్ద వాన కురిసిన మర్నాడు. ప్రహరీ గోడల మీద అడుగు నుంచి ఒకే ఎత్తున సాగే బురద చార, దాని పైన ఆకుపచ్చని పాచి, ఆ వీధిలో నీరు ఎంత మేర నిలిచిందో కొలబద్ద పెట్టినట్టు చూపిస్తాయి. పాత ఇళ్ల గడపలు రోడ్డు కన్నా కిందికి దిగిపోయి, కొత్త ఇళ్లు మాత్రం ఐదారు మెట్ల ఎత్తున లేస్తే, రోడ్డు మీద రోడ్డు వేసి వేసి నీటిని ఇళ్లలోకి తోశారని అర్థం. గేటు కింద ఇటుకలు పేర్చి సిమెంటు పూసిన చిన్న కట్ట కనిపిస్తే ఇంటివారు దాన్ని అలంకారానికి కట్టి ఉండరు. మురుగు కాలువ ఎటు పారుతుందో, చివర దేనిలో కలుస్తుందో కాలినడకన పోయి చూడాలి. చాలా కొత్త కాలనీల్లో ఆ కాలువ పక్కన ఖాళీ ప్లాటు దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది, ఆ ప్లాటులో ఇల్లు లేచిన నాడు నీరు వెనక్కి మళ్లుతుంది. ఖాళీ ప్లాట్లలో జమ్ము గడ్డి దట్టంగా పెరిగిన చోట అడుగున తడి ఏడాది పొడుగునా ఉంటుంది. మూల మీది కిరాణా కొట్టు యజమాని, నీళ్ల ట్యాంకరు నడిపే మనిషి, కరెంటు లైన్‌మన్: ఈ ముగ్గురితో పదేసి నిమిషాలు మాట్లాడితే తెలిసేది, అమ్మకం మీద కమీషను ఉన్నవారి నోట ఎన్నటికీ రాదు.

వరద నీటికి భయపడిన మనిషి తాగునీటికి కూడా అంతే భయపడవలసిన చోటు ఇది. మెదక్ నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైసు వంటి గట్టి రాయి. అందులో నీరు ఇసుకలో నిలిచినట్టు అంతటా సమంగా నిలవదు, పైన చివికిన పొరలోనూ లోపలి చీలికల్లోనూ మాత్రమే ఉంటుంది. బోరు ఆ చీలికకు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము. పక్కపక్క ప్లాట్లలో ఒకదానిలో రెండు వందల అడుగులకే నీరు పడి మరోదానిలో ఆరు వందలకూ పడకపోవడానికి కారణం ఇదే. కాబట్టి అమ్మేవారు పక్కింటి బోరు చూపించి ఇక్కడా నీళ్లకు కరువు లేదంటే ఆ మాటకు బలం లేదు. అడగవలసింది ఏప్రిల్, మే నెలల్లో ఆ వీధికి ట్యాంకరు వస్తుందా రాదా అని. మిషన్ భగీరథ తాగునీటి పథకం పైపు లేదా మున్సిపాలిటీ పైపు ఆ కాలనీ దాకా వచ్చిందా, వస్తే ఎన్ని రోజులకొకసారి ఎంతసేపు నీరు ఇస్తున్నారు, ఎత్తైన చివరి ఇళ్లకు ఆ నీరు ఎక్కుతుందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఎత్తు నేల కావాలన్న సలహాకు ఇక్కడే ఒక మెలిక ఉంది: వరద అందని ఇంటికి నల్లా నీరు కూడా ఆలస్యంగానే అందవచ్చు. తెలంగాణ గట్టి రాతి నేలల్లో ఫ్లోరైడు సమస్య చాలా చోట్ల ఉన్నందున బోరు నీటిని పరీక్ష చేయించడం తప్పనిసరి. తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండవచ్చు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు.

నేల సంగతి తేలిన తర్వాత లేఅవుట్ సంగతి. ఒక పెద్ద భూమిని రోడ్లు, పార్కు, ప్లాట్లుగా విభజించి గీసిన నమూనాను లేఅవుట్ అంటారు. పెద్ద నగరాల అభివృద్ధి సంస్థల పరిధికి వెలుపల దీనికి డీటీసీపీ అనే పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం ఆమోదం కావాలి. గ్రామ పంచాయతీ ముద్ర ఉన్న లేఅవుట్ అని చెప్పే మాటకు ఆమోదంతో సమానమైన విలువ లేదు. ఆమోదం ఉన్న లేఅవుట్‌లో పదో వంతు నేల ఖాళీ స్థలంగా స్థానిక సంస్థకు రాసివ్వాలి, రోడ్లూ కాలువలూ పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు ప్రభుత్వం దగ్గర తనఖాలో ఉంటాయి. కొనబోయేది ఆ తనఖా ప్లాటు కాదని, లేదా పిల్లలు ఆడుకోవడానికి వదిలిన స్థలమే కాగితం మీద కొత్త నంబరు తగిలించుకున్న ప్లాటు కాదని మున్సిపల్ కార్యాలయంలో ఉన్న అసలు నమూనాతో సరిచూసుకోవాలి. ఆమోదం లేకుండా వెలసిన లేఅవుట్లను దారికి తేవడానికి 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 26ను కటాఫ్ తేదీగా పెట్టి, వెయ్యి రూపాయల రుసుముతో దరఖాస్తులు తీసుకున్నారు, 2025లో ఫీజు మీద పాతిక శాతం రాయితీ ఇచ్చి కదిలించారు. దరఖాస్తు పెట్టిన రసీదునే క్రమబద్ధీకరణ పత్రంలా చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు. రసీదు ఇంటి అనుమతిని తెచ్చిపెట్టదు.

ఇంకొక తరహా అమ్మకం గుంటల లెక్కన సాగుతుంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. లేఅవుట్ అనుమతి తలనొప్పి లేకుండా వ్యవసాయ భూమినే ఐదు, పది గుంటల ముక్కలుగా అమ్మి, తహసీల్దారు కార్యాలయంలో పట్టా మార్పిడి చేయించి, పాసుపుస్తకం చేతిలో పెడతారు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి చట్టం అమల్లోకి వచ్చినా, ఆ రెండూ ప్రధానంగా వ్యవసాయ భూమి రికార్డుకు సంబంధించినవే. అలాంటి భూమిలో ఇల్లు కట్టాలంటే దాన్ని ముందు వ్యవసాయేతరంగా మార్పించాలి, జనం వాడుకలో నాలా చేయించాలి (కాలువ అనే నాలా కాదిది). ఆ తర్వాత కూడా దారి వెడల్పు చాలకపోతే అనుమతి చిక్కదు. ముప్పై ఏళ్లలో ఊరు అక్కడిదాకా వస్తుందన్న నమ్మకంతో కొనేవారి సంగతి వేరు. వచ్చే ఏడాది గృహప్రవేశం అనుకునేవారికి అది తగదు.

ఇంటి కాగితాల్లో చూడవలసిన మిగిలినవి ఎక్కడైనా ఒకటే గనుక వాటిని విస్తరించనక్కర లేదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన క్రయాలు, తనఖాల జాబితా. గత ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు. నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు లేదన్న రూఢి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని ఎవరు ఎంతకు కొన్నా 1977 నాటి చట్టం ప్రకారం కొన్నవారికి హక్కు రాదు. కేవలం జీపీఏ, అంటే అధికార పత్రం, ఆధారంగా జరిగిన అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. పాత ఊరి అంచున గ్రామకంఠంలో, అంటే సర్వే నంబర్లు లేని పాత నివాస స్థలంలో, ఉన్న ఇళ్లకు చాలాసార్లు ఇంటి పన్ను రసీదు తప్ప లింకు ఉండదు. మోసం ఏమీ లేకపోవచ్చు, బ్యాంకు మాత్రం అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది.

వాస్తు విషయం తప్పించుకుంటే మెదక్ మార్కెట్ గురించి రాసినట్టు కాదు. తూర్పు, ఉత్తర ముఖాల ప్లాట్లకు గజానికి ఎక్కువ ధర, దక్షిణ ముఖానికి తక్కువ. ఒకే వీధిలో ఎదురెదురు ప్లాట్లకు రెండు ధరలు. నమ్మకం ఉన్నవారిని వాదించి మార్చడం వృథా ప్రయాస. నమ్మకం లేనివారికి మాత్రం ఇదొక అరుదైన వెసులుబాటు, ఎందుకంటే ఎత్తైన ఖుష్కి నేలలో ఉన్న దక్షిణ ముఖం ప్లాటు, తరి నేలలోని తూర్పు ముఖం ప్లాటు కన్నా చవకగా దొరికే ఊరిలో వాన నీరు వాకిలి ఏ దిక్కున ఉందో చూసి రాదు. అలాగే రాకపోకల విషయంలో ఏడాదిలో రెండు మూడు రోజుల లెక్క కూడా వేసుకోవాలి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించి 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చికి క్రిస్మస్ నాడు వచ్చే జనం, మహాశివరాత్రికి ఏడుపాయల జాతరకు కదిలే బండ్లు, ఆ దారుల వెంట ఉన్న ఇళ్లవారిని గడప దాటనివ్వవు. రైలు ఉన్న మాట నిజమే గాని రోజుకు తిరిగే బండ్లు తక్కువ. హైదరాబాద్‌కు రోజూ ఉద్యోగానికి పోయి వస్తామన్న లెక్కతో స్టేషను పక్కన ఎక్కువ ధర పెట్టేవారు, ఇప్పటికి ఆ ప్రయాణం బస్సు మీదే ఆధారపడి ఉందని గుర్తించాలి. హైదరాబాద్ రోడ్డులోని మంబోజిపల్లి ఇందుకు మరో రకం ఉదాహరణ. 2015 డిసెంబరులో మూతపడేదాకా అక్కడి చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెరుకు బండ్లు, కూలీలు, హోటళ్లతో ఒక జీవనం నడిచింది. ఒక్క సంస్థను చూసి పెట్టిన పెట్టుబడి ఆ సంస్థ ఉన్నన్నాళ్లే నిలుస్తుంది. కలెక్టరేటు మూతపడదు, నిజమే. అయితే దాని చుట్టూ ఉన్న ప్రతి జాగా ధరలో రాబోయే పదేళ్ల పెరుగుదలను అమ్మేవారు ఇప్పటికే కలిపేసి ఉంటారు.

కాలనీ అంటే మనుషులు కూడా. కొత్త కాలనీలో ఇల్లు చూడబోయిన వారిని పలకరించే మొదటి ప్రశ్నలు ఏ ఊరు, ఏ డిపార్ట్‌మెంట్ అనే ఉంటాయి. కాసేపటికి ఏమోళ్లు అన్నది కూడా సూటిగానో డొంకతిరుగుడుగానో వస్తుంది. కులం, మతం, వండుకునే కూర ఆధారంగా కిరాయిదారులను వడగట్టే వీధులు చిన్న పట్టణాల్లో ఉన్నాయని దాచడం వల్ల ప్రయోజనం లేదు. ఉద్యోగుల సంఘాలు కలిసి కొని పంచుకున్న కాలనీలు, రకరకాల వారు విడివిడిగా కొన్న కాలనీలు ఈ విషయంలో వేరువేరుగా ఉంటాయి: మొదటివాటిలో రోడ్డు, దీపం, నల్లా కోసం కలిసి తిరిగే అలవాటు ఎక్కువ, రెండోవాటిలో కొత్తవారికి చోటిచ్చే గుణం ఎక్కువ. ప్లాట్లలో సగానికి పైగా హైదరాబాద్‌లో ఉండే పెట్టుబడిదారులవైతే ఆ కాలనీ ఎన్నేళ్లకైనా చీకటి పడితే నిర్మానుష్యంగానే ఉంటుంది. ఎన్ని ఇళ్లలో రాత్రి దీపం వెలుగుతుందో ఒక చుట్టు తిరిగి చూస్తే ఆ సంగతి బోధపడుతుంది.

ఇన్ని చూడటానికి కొత్తవారికి కావలసింది సమయం, దాన్ని కొనుక్కునే సులభమైన మార్గం కిరాయి. మెదక్ వంటి ఊళ్లో కిరాయిలు ఇంటి ధరతో పోలిస్తే చాలా తక్కువ గనుక, నచ్చిన కాలనీలోనే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కిరాయికి ఉండి తర్వాత కొనడం డబ్బు రీత్యా నష్టమేమీ కాదు. ధరలు పెరిగిపోతాయన్న భయం మధ్యవర్తులు పెట్టేదే ఎక్కువ. బేరం కుదిరినప్పుడు ఇచ్చే బయానా, అంటే మాట నిలబెట్టుకోవడానికి ముందుగా చెల్లించే సొమ్ము, చేతిమాట మీద ఇవ్వకుండా స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకుని ఇవ్వాలి. మూడు నెలల గడువు ఇక్కడ మామూలు. ఆ మూడు నెలల్లో ఈసీ, పహాణీ, నక్షా, నీటిపారుదల శాఖ పత్రం తేలకపోతే బయానా వాపసు అన్న షరతు అందులో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రభుత్వ విలువ మీద అన్నీ కలిపి ఏడున్నర శాతం, దాన్ని ఇంటి ధరకు బయట ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఆఖరి వాయిదా చెల్లించే ముందు మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టి, చుట్టుపక్కల వారికి నోటీసు ఇప్పించి, వారి ఎదుటే నాలుగు హద్దులూ కొలిపించి పంచనామా మీద సంతకాలు చేయించుకోవాలి. కొలతలో తక్కువ తేలిన గజాల సొమ్మును ఆ వాయిదాలోంచి తగ్గించుకునే షరతు కూడా అదే అగ్రిమెంటులో రాయించుకోవచ్చు. దస్తావేజులు రాసేవారికి అది కొత్తదేమీ కాదు, కొనేవారు అడగరు గనుక రాయరు.